పటములకును ఒక ప్రసార కేంద్రము

అబిడ్సు కూడలిలో జనరల్ పోస్టాఫీసు ముందు నిలిచి నాంపల్లి స్టేషనునకు త్రోవ యేదని అడిగినచో నలుగురు నాలుగు విధములుగా చెప్పుదురు. స్టేషను రోడ్డు పట్టుకొని తిన్నగా పొమ్మని యొకరందురు. చిరాగ్ అలీ సందున పడి పోయిన దగ్గర యని వేరొకరందురు. మొజంజాహీ మార్కెటు మీదుగా పోవుట మేలని మూడవవారి మాట. నాలుగవవారు కొంచెము పెద్దవయస్సువారైనచో, ఏనాడో మూతపడిన సినిమాహాలు నొకదానిని గుర్తుగా చెప్పి, అది యిప్పుడు లేదన్న సంగతి తరువాత జ్ఞప్తికి తెచ్చుకొందురు. చెప్పినవారందరును నిజమే చెప్పినారు. స్టేషను 1907 నుండియు ఉన్నచోటనే యున్నది. ఒక్కొక్కరి మనస్సులో నున్న పటము మాత్రము వేరు.

ఆ మాటకు వచ్చిన, అబిడ్సు అను పేరే అట్టిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ అబిడ్ అను ఆర్మీనియను దొర యిచ్చట అంగడి పెట్టినాడు. దొరయు పోయినాడు, అంగడియు పోయినది. పేరొక్కటి జనుల నాలుకపై నిలిచినది. నాలుకపై నిలిచిన పేరును కాగితముపై ఎచ్చట వ్రాయవలెను? కూడలికా, వీధికా, పేటకంతకా? ఇది వినుటకు చిన్న ప్రశ్న. పటములు గీయువారికి మాత్రము నిత్యము ఎదురగు చిక్కు.

మనుష్యుల సంగతి యిట్లుండగా, కార్యాలయముల సంగతి యింకను విచిత్రము. నాంపల్లి వీధి యొక్కటియే. దాని వెడల్పును, ఇండ్ల సంఖ్యలను చూపు పటము నగరపాలక సంస్థ కడనున్నది. దాని క్రింద పోవు మంచినీటి గొట్టములును మురుగు కాలువలును జలమండలి పటములో నున్నవి. కరెంటు తీగలు విద్యుచ్ఛాఖవారి పటములో, టెలిఫోను తీగలు ఆ శాఖవారి పటములో, పైన పోవు మెట్రో స్తంభములు మెట్రోవారి పటములో, స్టేషను ఆవరణ రైల్వేవారి పటములో నుండును. ఎవరి పటము వారికి సరియైనదే. వీనిని ఒకదానిపై నొకటి పరచి చూడవలెనన్నచో మాత్రము ఒకరిది అంగుళముల లెక్క, ఒకరిది మీటర్ల లెక్క. ఒకరు ఉత్తరమును పైకి పెట్టుదురు, ఒకరు కాగితము కలిసివచ్చు వైపునకు త్రిప్పుదురు. నిన్న వేసిన రోడ్డును నేడు త్రవ్వుటకు కారణములు అనేకము కలవు గాని, వానిలో ఇదియు నొకటి.

కాగితపు పటముల కాలములో ఈ కష్టము నివారింపరానిది. సర్వే ఆఫ్ ఇండియావారి స్థలాకృతి పటములనే తీసికొనుడు. అబిడ్సు ఉన్న పటము సంఖ్య 56 కె/7. అది తూర్పున 78 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశముతో ముగియును. అబిడ్సు రమారమి 78 డిగ్రీల 28న్నర నిమిషములపై నున్నది. అనగా ఇచ్చటినుండి రమారమి రెండున్నర కిలోమీటర్లు తూర్పునకు, మలక్‌పేట ప్రాంతమునకు పోవునప్పటికి కాగితము అయిపోవును. ఆపైని నగరమునకు 56 కె/11 అను మరియొక కాగితము కొనవలెను. మూసీనది ఒక కాగితమున పుట్టి మరియొక కాగితములోనికి ప్రవహించును. నదికి ఈ హద్దు తెలియదు.

నది మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఈ నగరమునకు వివరమైన పటములు గీయవలెనన్న పట్టుదల వచ్చినదే మూసీ వలన. 1908 సెప్టెంబరు 28వ తేదీ నాటి వరద వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి నగర రక్షణకు పథకము వేసినారు. దాని ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నిండినవి. ఈ నడుమ 1912లో నగరాభివృద్ధి సంస్థ యొకటి ఏర్పడినది. దాదాపు ఆ సంవత్సరములలోనే లియొనార్డ్ మన్ అను ఇంజనీరు ఆధ్వర్యమున నగరమునందలి సందుగొందులను, ఇండ్లను, బావులను గూడ విడువక కొలిచి పటములు గీసినారు. మన్ పటములని నేటికిని పండితులు వానిని పేర్కొందురు. వంద సంవత్సరములు దాటిన పిమ్మట ఆ పటములను చూచువానికి, తన యింటి వీధి ఒకప్పుడు ఏ తోటయో, ఏ కాలువ గట్టో తెలియును. ఇల్లు కొనబోవువానికి ఇది వినోదము కాదు. నీరు తన పాతత్రోవను మరువదని 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో ఎన్ని బస్తీలవారు తెలిసికొన్నారో మనమందరమును చూచినాము.

ఇక అసలు విషయమునకు వత్తము. ఇన్ని కార్యాలయములలో, ఇన్ని బీరువాలలో, నేడు ఇన్ని కంప్యూటరులలో నున్న పటములు, బీరువా విడిచి రాకయే, ఎవరి పటము వారి కడనే యుండగా, చూడగోరిన వాని యింటిలో ఒకదానిపై నొకటి వచ్చి పరచుకొనుట సాధ్యమా? సాధ్యమే. ఇరువదియైదేండ్లుగా జరుగుచున్నదే. దీనిని వెబ్ మ్యాప్ సర్వీసు అందురు. మనము పట సేవ అని పిలుచుకొందము.

రేడియో గల గృహస్థులకు ఈ సంగతి తెలియజేయుట సులభము. మీ యింటి రేడియో ఏ కంపెనీ చేసినదైనను కావచ్చును. హైదరాబాదు కేంద్రపు ప్రసారములు దానిలో వినబడునా లేదా అని కొనునపుడు ఎవరును అడుగరు. ప్రసారము చేయువాడును, పెట్టె చేయువాడును ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరును ఎరిగినది ఒక ఒడంబడిక. ఏ పౌనఃపున్యమున ఎవరు పలుకవలెను, మాటను అలపై ఎట్లు ఎక్కింపవలెను అన్న నియమములు దేశములన్నియు కూర్చుండి తీర్మానించుకొన్నవి. 738 కిలోహెర్ట్‌జ్ అన్న అంకె పాతశ్రోతలకు కంఠస్థమైనది ఆ ఒడంబడిక చలువ వలననే. చిరాగ్ అలీ సందున చిన్న యంత్రముతో తొలిపలుకులు పలికిన దక్కన్ రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతికిని, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి చేతికిని వచ్చినది. ప్రసారకర్తలు మారినను ఇండ్లలోని పెట్టెలను మార్చవలసిన అగత్యము రాలేదు.

పటముల విషయమున అట్టి ఒడంబడిక 1990 ప్రాంతమునకు లేదు. ఒక కంపెనీ యంత్రమున గీసిన పటము మరియొక కంపెనీ యంత్రమున తెరుచుకొనెడిది కాదు. ఒక పెట్టెలో ఒక్క కేంద్రమే వినబడు రేడియోను ఎవరు కొందురు? ఈ దురవస్థ తొలగించుటకు 1994లో ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయములు, కంపెనీలు చేరి ఓపెన్ జీఐఎస్ కన్సార్షియం అను సంఘము పెట్టుకొన్నవి. దానినే 2004 నుండి ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం అనుచున్నారు. ఈ సంఘము పట సేవకు తొలి నియమావళిని 2000 సంవత్సరమున వెలువరించినది. నేటికిని హెచ్చుగా వాడుకలో నున్న 1.3.0 అను పాఠము 2004 నాటిది. మరుసటి సంవత్సరము అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 19128 అను సంఖ్యతో దానిని స్వీకరించినది.

నియమావళి పెద్ద గ్రంథమే గాని, దాని సారము మూడు ప్రశ్నలు.

మొదటి ప్రశ్న : “నీ కడ ఏమేమి యున్నవి?” దీనికి పట కేంద్రము ఒక జాబితా పంపును. మా కడ వీధుల పొర కలదు, చెరువుల పొర కలదు, భూవినియోగపు పొర కలదు. ఇవి భూమిపై ఇంతమేరకు వ్యాపించియున్నవి. ఈ యీ లెక్కలలో ఇయ్యగలము. ఈ యీ చిత్రరూపములలో పంపగలము. ఇట్టి ఋణము పేర్కొని వాడుకొనవలెను అని అందులో నుండును. మీ చేతిలోనున్న ఈ పత్రిక చేయుపని అదే. ఏ వేళకు ఏ కార్యక్రమము, ఏ భాషలో, ఏ కేంద్రమున అని ముందుగా తెలియనిదే మీట త్రిప్పి ప్రయోజన మేమి? కాకున్న ఆ జాబితా మనుష్యులు చదువుట కొరకు గాక యంత్రములు చదువుట కొరకు వ్రాసినది. అందుచేత దానిలో హాస్యనాటిక ఉండదు.

రెండవది ప్రశ్న కాదు, అభ్యర్థన : “ఇట్టి పటము పంపుము.” పూర్వము జనరల్ పోస్టాఫీసులో మనియార్డరు పంపినవారికి ఫారము జ్ఞప్తి యుండును. ఎంత సొమ్ము, ఎవరికి, ఏ ఊరు, ఎవరు పంపినది అన్న గళ్లు ముందే ముద్రించి యుండెడివి. గడి నింపినచో చాలును. గుమాస్తాతో తెలుగున మాటలాడితివా ఉర్దూలో మాటలాడితివా అన్నది పని కాదు. పటమునకును అట్టి ఫారమే కలదు. ఒకసారి నింపి చూతము. పాఠము 1.3.0. కావలసిన పొరలు వీధులు, నాలాలు. నిరూపకముల పద్ధతి 4326. ఈ సంఖ్యలను మొదట కూర్చినది ఐరోపాలో చమురు వెదకు సర్వేయరుల సంఘము. 4326 అనగా గ్రీనిచ్ నుండి కొలిచిన అక్షాంశ రేఖాంశముల సామాన్యమైన లెక్క. ఇక హద్దులు. దక్షిణము 17.383, పశ్చిమము 78.465, ఉత్తరము 17.397, తూర్పు 78.485. ఈ చతురస్రములో నాంపల్లి స్టేషను, అబిడ్సు పోస్టాఫీసు, మొజంజాహీ మార్కెటు మూడును ఇముడును. వెడల్పు 800 చుక్కలు, ఎత్తు 585 చుక్కలు. చిత్రరూపము పీఎన్‌జీ. ఇంతే.

ఎనిమిదివందలకు అయిదువందల ఎనుబదియైదు ఏలయని చదువరులలో లెక్కలవారు అడుగవచ్చును. మన అక్షాంశమున ఉత్తర దక్షిణముగా ఒక డిగ్రీ రమారమి 110.7 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ 106.2 కిలోమీటర్లు మాత్రమే, ఏలయన రేఖాంశములు ధ్రువము వైపునకు దగ్గరపడుచు పోవును. ఆ లెక్కన మన చతురస్రము 2.12 కిలోమీటర్ల వెడల్పు, 1.55 కిలోమీటర్ల ఎత్తు గలది. ఒక చుక్కకు రెండు మీటర్ల అరవైయైదు సెంటీమీటర్లు వచ్చును. ఆటో నిలుచు చోటు. ఎత్తు తప్పు వ్రాసినచో పోస్టాఫీసు నిలువుగా సాగియో, అడ్డముగా నలిగియో వచ్చును. యంత్రము అడుగదు, అడిగినది ఇచ్చును.

మూడవ ప్రశ్న : “ఈ చుక్క వద్ద ఏమున్నది?” వచ్చిన పటముపై ఒకచోట వ్రేలు పెట్టిన, అచ్చటి సంగతి అక్షరములలో తెలుపును. ఈ కాలువ పేరు, వెడల్పు, కొలిచిన తేదీ. ఇది నియమావళిలో తప్పనిసరి కాదు, కేంద్రపువారి యిష్టము. నా అభిప్రాయమున తప్పనిసరి చేయవలసినది ఇదియే. మాటలాడని పటము సగము పటము.

ఈ మూడింటిలోని అందము ఎచ్చటనున్నదనగా, చిత్రములోని ఖాళీ భాగము పారదర్శకముగా నుండవలెనని కూడ కోరవచ్చును. అప్పుడు జలమండలి పటము క్రింద నగరపాలక సంస్థ పటము, దాని క్రింద ఉపగ్రహపు చిత్రము గాజుపలకల వలె పేర్చుకొని చూడవచ్చును. మూడును మూడు భవనములలో, మూడు ఊళ్లలో నున్నను మన కంటికి ఒక్కటే పటము. నకలు తీయుట లేదు. పాతనకలు నమ్మి మోసపోవుట లేదు. అక్కడ కాలువ మార్చి గీసిన మరుక్షణమున ఇక్కడ మారును.

ఇంత చక్కని యేర్పాటులోను గోతులు కలవు. మా తమ్ముని కుమారుడు ఈ విద్య నేర్చుచున్న క్రొత్తలో ఒక సాయంకాలము మా యింట కూర్చుండి నాంపల్లి పటము రప్పించి చూపుదునన్నాడు. చాలసేపు మౌనముగా నుండి, “పెద్దనాన్నా, నాంపల్లి రావడం లేదు. అంతా మంచుగా ఉంది” అన్నాడు. చూచితిని. తెల్లని కొండలు, నీలపు సముద్రపు పాయ. బిరియానీ హోటళ్ల జాడ లేదు. జరిగిన దేమనగా, పాతపాఠమైన 1.1.1లో ఎల్లప్పుడును రేఖాంశము ముందు వ్రాయవలెను, 1.3.0లో 4326 లెక్కకు అక్షాంశము ముందు వ్రాయవలెను. వాడు పాత అలవాటున 78ని ముందును 17ను వెనుకను వ్రాసినాడు. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 17 డిగ్రీల తూర్పు రేఖాంశము ఎచ్చటనున్నవో భూగోళము త్రిప్పి చూడుడు. నార్వేకు ఉత్తరమున ధ్రువసముద్రములోని స్పిట్స్‌బర్గెన్ దీవి. యంత్రము తప్పు చెప్పలేదు, అడిగినచోటనే చూపినది. వాడు సిగ్గుపడినాడు గాని, ఈ పొరపాటు ప్రపంచమంతట పెద్దపెద్దవారు చేసినదే. నియమము మార్చునపుడు అలవాటును లెక్కలోనికి తీసికొనకపోవుట వలన వచ్చిన చిక్కు ఇది. కొంచెము తెలివైన సాఫ్టువేరులు ఈ త్రిప్పుడు తామే చూచుకొనును.

రెండవ గోతి యింకను లోతైనది, దానికి మన ఊరితో సంబంధము కలదు. 1818 చివర జార్జి ఎవరెస్టు అను యువకుడు హైదరాబాదు వచ్చి, మహాత్రికోణమితీయ సర్వే నడుపుచుండిన విలియం లాంబ్టనునకు సహాయకుడుగా చేరినాడు. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు తీయుచు జ్వరమున పడి దాదాపు ప్రాణము మీదికి తెచ్చుకొన్నాడు. ఆ కొలతలు ఆధారముగా 1830లో భూమి ఆకారమునకు అతడొక లెక్క కట్టినాడు. భూమి గుండ్రని బంతి కాదు, ధ్రువముల వద్ద నొక్కుకొన్నది. ఎంత నొక్కుకొన్నది అన్నదే ఆ లెక్క. మన దేశపు పాతపటములన్నియు ఎవరెస్టు లెక్కపై గీసినవి. నేడు ఉపగ్రహముల సహాయమున త్రోవ చూపు యంత్రములన్నియు 1984 నాటి ప్రపంచ లెక్కను అనుసరించుచున్నవి. ఒకే బిందువునకు ఈ రెండు లెక్కలలో అక్షాంశ రేఖాంశములు వేరు. మన ప్రాంతమున ఆ తేడా నూరు మీటర్లకు పైబడును. పాతపటములోని అంకెను అట్లే క్రొత్తపటముపై పెట్టినచో అబిడ్సు కూడలిలోని దుకాణము వీధి దాటి, ఎదుటి వరుసయు దాటి, ఎవరి పెరటిలోనో నిలుచును. దుకాణమునకైనచో నవ్వుకొందుము. మురుగు కాలువకో, హద్దు రాతికో ఆ తేడా వచ్చినచో కోర్టున పది సంవత్సరములు పట్టును. అందుకే ఫారములో నిరూపకముల పద్ధతి యన్న గడి నెవరును ఊరక నింపరాదు.

ఇక వేగము సంగతి. పట సేవ దోసె వంటిది. అడిగిన పిమ్మట పెనముపై వేసి యిచ్చును. వెడల్పు, పొర, రంగు మన యిష్టము. పదిమంది అడిగిన చక్కగా జరుగును. పదివేలమంది ఒక్కసారి అడిగిన పెనము చాలదు. అందుచేత 2010లో ఇడ్లీల పద్ధతి యొకటి ప్రమాణముగా వెలువడినది. పటమును ముందే 256 చుక్కల చదరపు ముక్కలుగా వండి వరుసలలో పెట్టుదురు. అడిగినవారికి ముక్క తీసి యిచ్చుటయే పని. సాధారణపు అమరికలో మొదటిమెట్టున ప్రపంచమంతయు ఒక్క ముక్క. మెట్టు ఎక్కినకొలది నాలుగింతలు. పదిమెట్లు ఎక్కునప్పటికి పదిలక్షల నలుబదియెనిమిదివేల పైచిలుకు, పదునైదు మెట్లకు 107 కోట్ల 37 లక్షల పైచిలుకు ముక్కలు. అన్నియు ఎవరును వండరు; సముద్రమునకు ఇన్ని ముక్కలేల? మనుష్యులున్నచోట వండుదురు.

ఈ రెండును చిత్రములనే పంపును. చిత్రము గాక, వీధి యొక్క అసలు గీతను, దాని పేరును, కొలతలను పట్టికతో సహా పంపు సేవ మరియొకటి కలదు. అది నియమావళిగా 2002లో వచ్చినది. భోజనము చూపుటకును, వంటచీటి యిచ్చుటకును ఉన్నంత భేదము. కార్యాలయములు మొదటిదానికి ఒప్పుకొన్నంత త్వరగా రెండవదానికి ఒప్పుకొనవు, కారణము ఊహింపవచ్చును.

మన హైదరాబాదునకు ఈ విషయమున గర్వింపదగిన సంగతి యొకటి యున్నది. నాంపల్లికి ఉత్తరముగా పది కిలోమీటర్ల దూరములో బాలానగరున జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము కలదు. 1975లో ఏజెన్సీగా పని ప్రారంభించి, 2008లో ఇస్రోవారి పూర్తి కేంద్రమైనది. ఉపగ్రహములు పంపు చిత్రములను షాద్‌నగరున అందుకొందురు. ఈ కేంద్రమువారు 2009 ఆగస్టు 12న భువన్ అను పటవేదికను ప్రజలకు తెరచినారు. మన దేశపు భూవినియోగ పటములను అందులో చూడవచ్చును. అంతకన్న ముఖ్యము, నేను పైని చెప్పిన ప్రమాణముల ప్రకారము తమ పొరలను ఇతరుల పటములలోనికి రప్పించుకొనుటకును వీలు కల్పించినారు. ఎచ్చటనో విదేశమున గీసిన వీధుల క్రింద బాలానగరున తయారైన భూవినియోగపు పొర వచ్చి పరచుకొనుట చూచినపుడు, తొలిసారి పరదేశపు కేంద్రము రేడియోలో పట్టినవానికి కలిగిన సంతోషము వంటిది నాకు కలిగినది.

చట్టము సంగతి కూడ చెప్పవలెను. చిరకాలము మన దేశమున వివరమైన పటము గీయుట, ప్రకటించుట అనుమతులతో కూడిన వ్యవహారము. 2005 నాటి జాతీయ పటవిధానము పటములను రక్షణశాఖకు వేరుగా, ప్రజలకు వేరుగా రెండు శ్రేణులు చేసినది. ప్రజల శ్రేణి ప్రపంచ లెక్కపై వచ్చినది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతి అక్కరలేకుండ జేసినవి. ఒక మీటరుకన్న సూక్ష్మమైన కొలతలు మాత్రము భారతీయుల చేతిలోనే యుండవలెనన్నారు. 2022 చివర జాతీయ విధానముగా ఇది మరింత స్థిరపడినది. తలుపు తెరచినారు, లోనికి వచ్చి పనిచేయువారెందరన్నది వేరు ప్రశ్న.

నా ఫిర్యాదు ఇచ్చటనే. పటము ప్రకటించితిమని చెప్పుకొను కార్యాలయములు పెక్కు, కాగితపు పటమును ఫొటో తీసి అంతర్జాలమున అంటించుచున్నవి. అది అద్దాల బీరువాలో పెట్టిన పుస్తకము వంటిది, అట్ట చూడవచ్చును. దానిపై మరియొక పొర పరచుటకు లేదు, వ్రేలుపెట్టి అడుగుటకు లేదు, అది ఏ సంవత్సరమునాటిదో ఆ కాగితమునకే తెలియవలెను. మరియొక కార్యాలయము, పేరు చెప్పను, చక్కని పట సేవను నడిపి, ఒకనాడు చెప్పాపెట్టక చిరునామా మార్చినది. దానిని నమ్ముకొని పటములు కూర్చుకొన్నవారి తెరలపై తెల్లని ఖాళీ మిగిలినది. ప్రసార కేంద్రము ఒక ఉదయమున పౌనఃపున్యము మార్చి ఈ పత్రికలో ఒక్క పంక్తియైన వేయకపోయినచో మీరు ఊరకుందురా?

దాపరికము కొంత అవసరమే. ఏ యింట ఎవరున్నారో, ఎవరి భూమికి ఎంత అప్పున్నదో పటమున పరచుట న్యాయము కాదు. కాని వాననీటి కాలువ ఎటు పోవుచున్నది, ఫైరింజనుకు నీరిచ్చు చోటు ఎచ్చటనున్నది, ఈ సందు ఎన్ని అడుగులు అన్నవి ఎవరి రహస్యము?

2023 నవంబరు 13న నాంపల్లి బజారుఘాటులో ఒక బహుళ అంతస్తుల భవనమునకు నిప్పంటుకొని పలువురు మరణించినారు. క్రింది అంతస్తున రసాయనముల పీపాలు నిలువయుంచినారని అప్పుడు వెల్లడియైనది. పటము ఉండినచో ఆ ప్రాణములు నిలిచియుండునని నేను చెప్పను. అట్లు చెప్పుట ఆ కుటుంబములకు అన్యాయము. కాని అట్టి సమయమున బయలుదేరు అగ్నిమాపక దళపు నాయకుడు త్రోవలో ఏమేమి తెలిసికొనగోరునో ఆలోచింపుడు. సందు వెడల్పు నగరపాలక సంస్థ పొర. నీటి చోటు జలమండలి పొర. కరెంటు ఎచ్చట ఆపవలెను, విద్యుచ్ఛాఖ పొర. వ్యాపారపు లైసెన్సులు వేరొక పొర. దగ్గరి ఆసుపత్రి మరియొకటి. అయిదు కార్యాలయములకు అయిదుమార్లు ఫోనుచేయుటకు వ్యవధి లేదు. అయిదును ఒకే ప్రమాణమున ప్రచురితమైయున్నచో, బండిలోని చిన్నతెరపై ఒక్క చూపున కనబడును. దీనికి క్రొత్తయంత్రములు కనిపెట్టనక్కరలేదు. ఉన్న పటములను ఉన్న నియమమున వెలువరించిన చాలును.

ఖర్చు అధికమని చెప్పువారున్నారు. పటములు ప్రసారము చేయుటకు మ్యాప్‌సర్వర్, జియోసర్వర్ అను సాఫ్టువేరులు ఉచితముగా దొరకును. మొదటిది 1990 దశకమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున పుట్టినది. జీతమిచ్చి పోషింపవలసినది తెలిసిన మనిషిని. ఆ మనిషి బదిలీయైన పిమ్మట కూడ సేవ నడుచునట్లు చూచుకొనవలెను. కష్టమంతయు అక్కడనే.

ఇండ్లలో ప్రయత్నింపగోరు చదువరులకు ఒక మాట. కంప్యూటరు గల యింట క్యూజీఐఎస్ అను ఉచిత సాఫ్టువేరును దింపుకొనుడు. ఇది 2002 నుండియు వాడుకలో నున్నది. అందులో వెబ్ మ్యాప్ సర్వీసు అన్నచోట నొక్కి, భువన్ వారు ప్రకటించిన సేవా చిరునామాను అతికింపుడు. కొలది క్షణములలో పొరల జాబితా వచ్చును. భూవినియోగపు పొరను ఎన్నుకొని, పైన చెప్పిన హద్దులకు పటమును జరుపుకొనుడు. నాంపల్లి, అబిడ్సుల చోట దాదాపు అంతయు కట్టడముల రంగే కనబడును. అచ్చటినుండి మెల్లగా పడమరకు జరుపుకొనుచు పొండు. రంగు మారి మారి, ఉస్మాన్‌సాగరు నీలము వచ్చువరకు చూడుడు. మంచుకొండలు కనబడినచో అక్షాంశము ముందు వ్రాసితిరో లేదో సరిచూచుకొనుడు.